చదువమ్మ

పదమూడో భాగం

గురువారం నాడు యూనివర్సిటీ ఆనర్స్ డైరెక్టరమ్మ గదిలోంచి పెద్దక్క బయటికి వస్తూండగా చేతిలో ఫోను మోగింది. కిందటి భాగంలో మనం ఆగింది అక్కడ. లోపల ఆమె విన్నది చిన్న మాటేమీ కాదు. స్టాటిస్టిక్స్‌లో మార్కులు ఉండాల్సిన గీత కిందికి జారిపోయాయి, సోమవారం కమిటీ కూర్చుంటుంది, ఆమె ఆనర్స్‌లో ఉంటుందో ఊడుతుందో ఆ రోజే తేలుస్తారు. ఆ మాట ఇంకా చెవిలో గింగురుమంటుండగానే ఫోనులో తోడికోడలి గొంతు పలికింది.

"శనివారం గువ్వని తీసుకుని వస్తున్నా. ఏంటని అడక్కు. ఫోన్లో చెప్పేది కాదు."

ఆ శనివారం వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టకముందే పెద్దక్క తయారై కూర్చుంది. తల దువ్వి, విప్పి, మళ్లీ దువ్వింది. కిందటిసారి జుట్టు ముడి వేసుకుని కనిపిస్తే కూతురు గువ్వ కాసేపు గుర్తుపట్టలేదు. అందుకే ఈసారి పాత జడే వేసుకుంది. ఆ జడ వేసుకుంటున్నంతసేపూ ఆమెను చూస్తూ గదిలో తోటి పిల్ల మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. ఆ పిల్లది ఫిజిక్సు. దీపాలు ఆర్పేశాక కూడా దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని చదువుతుంది కనక భవనంలో అందరూ మిణుగురు అంటారు.

"అక్కా, నీ పరీక్ష సోమవారం కదా. ఇవాళే చెమటలు పట్టేశాయేంటి?" అంది మిణుగురు.

"అది వేరే పరీక్ష. ఇది వేరే పరీక్ష."

"దీనికి పుస్తకాలున్నాయా?"

"ఉంటే ఈపాటికి బట్టీ పట్టేదాన్ని."

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గాని, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పిలవరు. ఇంకా మీసాలు సరిగ్గా మొలవని కుర్రాళ్ల మధ్య, ఇంటి మీద బెంగతో ముక్కు చీదుకునే అమ్మాయిల మధ్య, ముప్పైకి దగ్గరపడిన మనిషి ఆమె ఒక్కతే. చేరిన వారంలోనే పెద్దక్క అయిపోయింది. తలనొప్పికి మాత్ర కావాలన్నా, చొక్కా గుండీ ఊడినా, ప్రేమ బెడిసికొట్టినా అందరూ ఆమె తలుపే తడతారు.

పెళ్లితో ఆగిపోయిన చదువు ఆమెది. ఆ తర్వాత మందుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి ఏళ్లు గడిపింది. బేరం లేనప్పుడు మందుల డబ్బాల్లో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితాలు తీసి చదివేది. అవి అయిపోతే పొట్లాలు కట్టే పాత పత్రికలు చదివేది. యూనివర్సిటీ ఆనర్స్‌లో వయసు దాటినవాళ్లకు కూడా సీటు ఉంటుందని ఆ పొట్లాల కాగితంలోనే చూసింది. ఇంటర్వ్యూలో ఒకాయన, "ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావమ్మా?" అని అడిగాడు. "ఆలస్యమైతే ఆకలి తగ్గదు కదండీ" అందామె. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. డైరెక్టరమ్మ మాత్రం నవ్వలేదు, తలెత్తి చూసింది. సీటు వచ్చింది.

సీటుతో పాటు నియమాలూ వచ్చాయి. ఆనర్స్‌లో ఉన్నవాళ్లు ఆనర్స్ భవనంలోనే ఉండాలి. పిల్లలకు ప్రవేశం లేదు. మార్కులు గీత దిగితే కమిటీ. ఒకసారి ఆనర్స్ వదిలి బయటికి అడుగు పెడితే మళ్లీ లోపలికి దారి లేదు. భర్త గూడ్సు బండి నడుపుతాడు, ఏ రాత్రి ఏ ఊరి యార్డులో ఉంటాడో అతనికే తెలియదు. మూడేళ్ల పాపను ఎవరు చూడాలి? బావగారి భార్య ముందుకొచ్చింది. "నువ్వెళ్లి చదువుకో. గువ్వని నేను చూసుకుంటా" అంది. పెళ్లై ఇన్నేళ్లైనా ఆవిడకు పిల్లల్లేరు. ఆ మాట అన్ననాడు అందరూ ఆవిడ మంచితనాన్నే చూశారు. మిగతాది చూడవలసిన అవసరం అప్పుడు ఎవరికీ కనిపించలేదు.

అది నిరుడు సంగతి. గువ్వకు ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది.

కింద గేటు చప్పుడైంది. పెద్దక్క మెట్లు దిగలేదు, దొర్లింది అనాలి.

తోడికోడలు గేటు దగ్గర ఆగి చెమట తుడుచుకుంటోంది. స్కూలు బట్టలు కుట్టే వర్క్‌షాపులో పని ఆవిడది. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే బస్సెక్కినట్టుంది. ఒక చేతిలో పాప చెయ్యి, రెండో చేతిలో సంచి. ఒక్క పూటకు వచ్చిన మనిషి అంత పెద్ద సంచి ఎందుకు తెచ్చిందా అని పెద్దక్కకు ఒక్క క్షణం తట్టింది గాని, పాపను చూడగానే ఆ ఆలోచన ఎటో పోయింది.

గువ్వ పెరిగింది. కిందటిసారి మోకాళ్లు కప్పిన గౌను ఇప్పుడు మోకాళ్ల పైకి వచ్చింది. ముందు పన్ను ఒకటి కదులుతోంది కాబోలు, నాలుకతో దాన్నే తోస్తోంది. పెద్దక్క మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపింది. పాప తోడికోడలి కొంగు వెనక్కి తప్పుకుంది.

"ఎవరో చెప్పు?" అంది తోడికోడలు, పాపను ముందుకు తోస్తూ.

గువ్వ కొంగు చాటునుంచి చూసింది. "చదువమ్మ" అంది.

తోడికోడలి మొహం కందిపోయింది. "నేను నేర్పింది కాదే ఆ పేరు, ఒట్టు. అదే పెట్టుకుంది. ఫోన్లో ఎప్పుడు చూసినా నీ వెనక పుస్తకాలే కదా."

"బాగుందక్కా పేరు" అంది పెద్దక్క. నవ్వింది కూడా. చాపిన చేతులు ఏం చేయాలో తెలియక పాప చెప్పు పట్టీ సర్దాయి.

సందర్శకుల గదిలో ఇనుప కుర్చీలు, గోడల నిండా పాత బ్యాచీల ఫోటోలు. గువ్వ కుర్చీ ఎక్కి కాళ్లూపుతూ నెమ్మదిగా దారిలోకి వచ్చింది. బస్సులో వాంతి చేసుకున్న ముసలాయన గురించి చెప్పింది. కిటికీ పక్క సీటు కోసం ఒకావిడ పోట్లాడిన సంగతి చెప్పింది. "దారిలో గుర్రాలు చూశాం. ఒకటి తెల్లది, రెండేమో మట్టి రంగువి" అంది.

"గుర్రాలా?" అంది పెద్దక్క.

"ఊఁ, గుర్రాలు."

ఆ ఒక్క మాట దగ్గర పెద్దక్క మనసు చిక్కుకుపోయింది. ఎందుకో తెలియాలంటే ఆమె ఆనర్స్‌లో ఏం చేస్తోందో చెప్పాలి. చిన్నపిల్లలు మాటలెలా నేర్చుకుంటారన్నది ఆమె అంశం. యూనివర్సిటీ ఉద్యోగుల పిల్లల కోసం నడిపే బడిలో పొట్టి కుర్చీ మీద కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేస్తుంది. మూడు దాటిన పిల్లలు 'గుర్రంలు' అంటారు, 'కాలులు' అంటారు. తప్పని పెద్దవాళ్లు నవ్వుతారు. కానీ వాళ్లు ఒక సూత్రం పట్టుకుని దాన్ని ఎక్కడా తప్పకుండా పాటిస్తున్నారు, తప్పుతున్నది భాషే. ఈ సంగతి పట్టుకున్నందుకు డైరెక్టరమ్మ అంతటిది ఆమె వ్యాసం పక్కన 'బాగుంది' అని రాసింది. ఊళ్లో పిల్లలందరి 'గుర్రంలూ' ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి. తన పిల్ల 'గుర్రంలు' అన్న రోజులు మాత్రం వచ్చి వెళ్లిపోయాయి.

"ఇది ఎప్పుడైనా గుర్రంలు అందా అక్కా?"

"అనకపోవడమేంటి, పోయిన ఎండాకాలమంతా అదే పాట. నేనే దిద్దాను" అంది తోడికోడలు మురిపెంగా. అని, పెద్దక్క మొహం చూసి, గబుక్కున సంచిలోంచి నీళ్ల సీసా తీసి తాగడం మొదలుపెట్టింది.

అప్పుడే మిణుగురు తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. ఆ పిల్లకు చదువుతో పాటు కాస్త ఇంగితం కూడా ఉంది. "గువ్వా, డాబా మీద పెద్ద దుర్భిణి ఉంది. ఊరు ఊరంతా ముక్కు దగ్గరికొచ్చేస్తుంది. చూస్తావా?" అంది.

గువ్వ తోడికోడలి వైపు తిరిగి, "అమ్మా, వెళ్లనా?" అని అడిగింది.

ఆ పిలుపు గదిలో అందరికీ వినిపించింది. ఎవరూ వినిపించుకోనట్టు ఉండిపోయారు. "వెళ్లు" అంది తోడికోడలు, నేల చూస్తూ.

వాళ్ల అడుగులు మెట్ల మీద పైకి వెళ్లిపోయాయి.

"చెప్పక్కా" అంది పెద్దక్క.

"నన్ను దొంగని చూసినట్టు చూడకు ముందు."

"నేనలా చూడట్లేదు."

"చూడాలి. చూస్తే నాకు తేలికయ్యేది." తోడికోడలు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాట్లాడింది. "మొన్న దానికి జ్వరమొచ్చింది. నీకు చెప్పలేదు, పరీక్షలని. పలవరించింది. నన్నే పిలిచిందే. పెద్దమ్మా అని కాదు. అది విని నాకు ఎంత ఆనందమేసిందో తెలుసా? జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని నేను ఆనందపడుతున్నా. ఆ మర్నాడు మిషను ముందు కూర్చుంటే చెయ్యి ఆడలేదు. నేనేమైపోతున్నానా అని భయమేసింది."

"పిల్లలు దగ్గరున్నవాళ్లని పిలుస్తారక్కా. అది నీ తప్పు కాదు."

"నీ పుస్తకంలో అలా ఉందేమో. నా సంగతి విను." ఆవిడ గొంతు తగ్గింది. "పరీక్షల ముందు నువ్వొచ్చావు కదూ. మా వీధికి కాదు. దాని బడికి. ఎదురుగా టీ కొట్టు దగ్గర, తలకి గుడ్డ చుట్టుకుని నిలబడ్డావు."



అవును, వెళ్లింది. ఒకసారి కాదు. "నువ్వొచ్చి వెళ్లాక అది రెండ్రోజులు అన్నం ముట్టదే, తరచూ రాకు" అని తోడికోడలే చెప్పింది ఒకప్పుడు. అందుకని రాకుండా చూడటం నేర్చుకుంది. స్టాటిస్టిక్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేది. దారిలో చదువుదామనుకునేది. ఒక్క లెక్కా బుర్రకెక్కేది కాదు. ఆ టీ కొట్టు దగ్గర చల్లారిన గ్లాసు పట్టుకుని, బడి గేటులోంచి పోలోమని వచ్చే పిల్లల్లో ఒక్క తల కోసం కళ్లు కాయలు కాచేలా చూసేది. గువ్వ రోడ్డు మలుపు తిరిగేదాకా చూసి తిరుగు బస్సెక్కేది. మార్కులు గీత కిందికి ఎందుకు జారాయో డైరెక్టరమ్మ అడిగితే చెప్పలేకపోయిన జవాబు ఇదే.

"చూశావా నన్ను?"

"చూశా. చూసి..." తోడికోడలు ఆగింది. టేపు చేతికి బిగిసింది. "అది నీవైపు తలతిప్పబోయింది. బుడగలమ్మేవాణ్ని చూపించి అటు తిప్పేశాను. బుడగ కొనిచ్చి, రెండో సందులోంచి ఇంటికి తీసుకుపోయా. నువ్వక్కడ నిలబడే ఉన్నావు."

కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేశారు. ఆ చప్పుడు కూడా పెద్దక్కకు చాలా దూరం నుంచి వచ్చినట్టనిపించింది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. గువ్వ ఎరుపు బుడగ పట్టుకుని వెనక్కి తిరిగి నడుస్తుంటే, ఎంత సంతోషంగా ఉందో నా తల్లి అనుకుంది. ఆ సంతోషాన్ని తిరుగు బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు అది కూడా పోయింది.

ఆమెకు కోపం వచ్చింది. లేచి నిలబడింది. ఏదైనా గట్టిగా అందామనుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలో అప్పటికే అన్ని తిట్లూ తినేసినట్టుంది. మళ్లీ కూర్చుంది.

"ఇప్పుడేమంటావక్కా?"

"ఒక్కటే అంటా. నీకింకా ఏడాదిన్నర ఉంది. అప్పటికి దానికి ఆరు దాటుతాయి. అప్పుడు నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతే నేను బతకను. ఇప్పుడైతే ఏడ్చి ఊరుకుంటా. అందుకే ఇప్పుడే తీసుకో. లేదంటావా, ఇక ఎప్పుడూ అడగనని నా కళ్లలోకి చూసి చెప్పు. నా కూతురిలాగే పెంచుకుంటా. ఈ రెండూ కాక నడిమధ్య నేను ఉండలేను."

"ఆయనకి చెప్పావా?"

"చెప్పా. ఏ స్టేషన్లోనో ఉన్నాడు, వెనక ఒకటే కూతలు. 'మీరిద్దరూ తేల్చుకోండి వదినా, మీరేమన్నా నాకు సరే' అన్నాడు. మగవాళ్లకి సరే అనడం ఎంత సుళువో."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే తోడికోడలు కళ్లు తుడుచుకుంది.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు" అంది. "అంత ఏముందే ఇక్కడ? ఇంత కడుపుకోత పడి ఉండటానికి?"

ఇంటర్వ్యూలో అయితే చురుగ్గా ఏదో అనేయవచ్చు. ఈవిడకు అలా చెప్పకూడదు అనుకుంది పెద్దక్క.

"బుధవారం బుధవారం ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటాం అక్కా. ఒకళ్లు ఒక మాట అంటే, ఎందుకలా అనుకుంటున్నావని మిగతా అందరూ అడుగుతారు. నన్ను అంతకుముందు ఎవరూ ఎందుకని అడగలేదు. వంటేంటని అడిగారు. ఇంకా ఎంతసేపని అడిగారు. ఆ మాత్ర ఉందా, ఈ మాత్ర ఉందా అని అడిగారు. ఎందుకలా అనుకుంటున్నావని మొదటిసారి అడిగిన రోజు నాకు ఏడుపొచ్చింది. జవాబు తెలియక కాదు. నా దగ్గర జవాబు ఉందని వాళ్లు నమ్మి అడిగారు, అందుకు."

తోడికోడలు చేతికి చుట్టిన టేపు విప్పేసింది. "అదైతే నాకర్థమైంది" అంది. "నన్నూ ఎవరూ అడగలేదులే."

పైనుంచి గువ్వ నవ్వు వినిపించింది. ఊరు ముక్కు దగ్గరికి వచ్చినట్టుంది.

అడకత్తెరలో పోకచెక్క అంటారు గాని, ఆ పోకచెక్కకు రెండు అంచులూ ప్రాణమై ఉండవు. పెద్దక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎదురుగా లైబ్రరీ మెట్లు, మెట్ల మీద కూర్చుని పుస్తకం మొహం మీద బోర్లించుకుని నిద్రపోతున్న కుర్రాడు. ఈ మెట్ల కోసం కౌంటరు వెనక ఎన్నేళ్లు కలలు కన్నదో ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగింది.

"గువ్వ నా దగ్గరే ఉంటుందక్కా. ఇవాళ్టి నుంచే. చదువు కూడా మానను."

"ఇక్కడ పిల్లల్ని ఉండనివ్వరని నువ్వే చెప్పావు."

"అవును, ఉండనివ్వరు."

"మరెలా? రెండూ కావాలంటే అత్యాశ కాదూ?"

"అత్యాశే. ఒకటి చాలులే అని ఏడాదిన్నర ఉండి చూశాను కదా. కుదరలేదు."

తోడికోడలు సంచిని ముందుకు జరిపింది. పెద్దక్క జిప్పు తీసింది. మడతలు పెట్టిన గౌన్లు, స్వెట్టరు, దువ్వెన, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చినా వదలని చిన్న దిండు. ఒక్క జత కూడా ఇంట్లో మిగల్చలేదు. ఇక్కడికి వచ్చేటప్పటికే ఆవిడ మనసులో ఏ జవాబు కోరుకుందో ఆ సంచి చూస్తే తెలిసింది.

డాబా దిగి వచ్చిన పాపతో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. తోడికోడలు దాని జుట్టు వెనక్కి దువ్వుతూ, "రెండ్రోజులు చదువమ్మ దగ్గర ఉండమ్మా. నాకు పనుంది, చూసుకుని వచ్చేస్తా" అంది.

"అబద్ధం వద్దక్కా" అంది పెద్దక్క. పాప ఎదురుగా నేల మీద కూర్చుంది. "గువ్వా, నువ్వు ఇక నా దగ్గర ఉంటావు. రెండ్రోజులు కాదు, చాలా రోజులు. అమ్మ ఊళ్లోనే ఉంటుంది. నిన్ను చూడటానికి వస్తుంది. నీకు ఏడుపొస్తే ఏడు. నేనేమీ అనను."

అమ్మ అని ఆమె ఎవరిని అన్నదో తోడికోడలికి అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గువ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దిండు తెచ్చావా?" అని తోడికోడల్ని అడిగింది. తెచ్చానని తల ఊపితే, "నీలం గౌను?" అంది. అదీ ఉందని తెలిశాక కాసేపు పన్ను కదుపుకుంది. గేటు దాకా నడిచింది. చెయ్యి కూడా ఊపింది. తోడికోడలు వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయాక, అప్పుడు ఏడ్చింది.

పెద్దక్క మాటిచ్చినట్టే ఏమీ అనలేదు. ఎత్తుకుంటే గింజుకుంది, దింపింది. దింపితే గేటు చువ్వలు పట్టుకుంది, పక్కనే నిలబడింది. వచ్చేపోయే పిల్లలు ఆగి చూసి, ఏదో అర్థమై, చప్పుడు చేయకుండా వెళ్లారు. ఒక కుర్రాడు బిస్కట్ల పొట్లం తెచ్చి గోడ మీద పెట్టి పోయాడు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయాక గువ్వ తనంతట తానే పెద్దక్క భుజం మీదికి ఒరిగింది. ఆ బరువు కోసం ఆమె ఎన్ని పగళ్లు, ఎన్ని బస్సుల్లో పడిగాపులు పడిందో. ఇప్పుడది దొరికింది. దొరికినది వేరే మనిషి కోసం ఏడ్చి అలిసిన బిడ్డ అని తెలిసీ, గట్టిగా పొదువుకుంది.

గదిలో మిణుగురు అప్పటికే తన మంచం మీది పుస్తకాలు నేలకు దించేసింది. "నేనెలాగూ చదువుతూ చదువుతూ కిందే పడి నిద్రపోతాను కదక్కా. మంచం దండగ" అంది.

సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వాలుతున్న వేళ తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. డైరెక్టరమ్మ. జుట్టంతా వెండి, చేతిలో కర్ర, మోకాలి నొప్పితో మెట్లెక్కడం మానేసి చాలా కాలమైంది. అలాంటి మనిషి రెండంతస్తులు ఎక్కి వచ్చింది. మిణుగురు లేచి నిలబడి, ఒక చూపుకే బయటికి జారుకుంది.

డైరెక్టరమ్మ మంచం వైపు చూసింది. గువ్వ దిండును కావలించుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"వార్డెన్ చెప్పింది. ఎన్ని రోజులకు?"

"రోజులు కాదు మేడమ్."

"ఈ భవనం నియమాలు నీకు తెలుసు."

"తెలుసు మేడమ్. చేరిన రోజు మీరే చదివి వినిపించారు."

"సోమవారం నీకున్నది ఒక్కటే దారి. మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పి, ఇక తగ్గవని వాళ్లను నమ్మించాలి. పాపను చంకనేసుకుని ఎలా నమ్మిస్తావు?"

పెద్దక్క పాప మీద దుప్పటి సర్ది లేచి నిలబడింది. గురువారం ఆ గదిలో చెప్పలేనిది ఇప్పుడు చెప్పింది. బస్సుల సంగతి చెప్పింది. టీ కొట్టు సంగతి చెప్పింది. ఒళ్లో తెరిచిన పేజీ తెరిచినట్టే తిరిగి వచ్చిన పుస్తకం సంగతి చెప్పింది.

"పాప దగ్గర లేకే తగ్గాయి మేడమ్. ఇది సాకు కాదు, జరిగింది. మీరు నాకు వేరే గది ఇచ్చినా సరే, బయట చూసుకోమన్నా సరే. సోమవారం కమిటీకి మాత్రం నేనొక్కదాన్నే రాను. మేమిద్దరం వస్తాం. తీసేస్తే ఇద్దర్నీ చూసి తీసేయమనండి."

డైరెక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టి, నిద్రపోతున్న పాపనే చూస్తూ ఉండిపోయింది.

"ఈ వరండా చివరి గదిలో ఒకప్పుడు ఒక పాప పెరిగింది" అంది నెమ్మదిగా. "చంటిబిడ్డ. పిల్లలందరూ కలిసి దాచారు. పాలు ఒకళ్లు తెచ్చేవాళ్లు, గుడ్డలు ఒకళ్లు ఉతికేవాళ్లు. ఏడుపు వినపడకుండా రేడియో పెట్టేవాళ్లు. నెలల తరబడి ఎవరికీ తెలియలేదు."

"తర్వాత?"

"నాకు తెలిసింది. అప్పుడే కొత్తగా డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాను. నియమం నియమమే అనుకునే రోజులు. ఆ తల్లి ఈ భవనంలో అడుగుపెట్టిన వాళ్లందరిలోకి తెలివైన పిల్ల. నీలాగే ఎదురు నిలబడి అడిగింది. నేను వినలేదు. ఆ వారమే బిడ్డను ఎత్తుకుని గేటు దాటి వెళ్లిపోయింది."

కింద వరండాలో ఎవరో పిలుస్తున్నారు. డైరెక్టరమ్మ పలకలేదు.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారు మేడమ్?"

"వేరేచోట చదువుకుంది. నాకంటే పెద్ద పేరు తెచ్చుకుంది. ఎదురుపడ్డ ప్రతిసారీ నమస్కారం పెడుతుంది, అంతకుమించి ఒక్క మాట మాట్లాడదు. ఆ బిడ్డ ఎలా ఉందని అడిగే ధైర్యం నాకు ఈ రోజుకీ చాలలేదు." డైరెక్టరమ్మ కర్ర ఊతంగా లేచింది. తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

"కమిటీలో బయటి యూనివర్సిటీ మనిషి ఒకరుండాలి. ఈసారి పంపింది ఆవిడనే. సోమవారం నీకు ఎదురుగా కూర్చునేది ఆవిడే."